గున్నయ్యకి మేం పెట్టిన ఎద్దు గుండె

పదవీ విరమణ రోజున నాకు శాలువా కప్పినవాళ్లలో సగం మందికి నేనేం పని చేశానో తెలియదు. వేదిక మీద ఒకాయన నన్ను "ఎన్నో గుండెలకు ప్రాణం పోసిన డాక్టరమ్మ" అన్నాడు. నేను మందులు రాసే డాక్టరుని కాను. ఒక్క గుండెకీ ప్రాణం పోయలేదు. గుండెలకి బొమ్మలు తీశాను, తీయడం పిల్లలకి నేర్పాను, అంతే. నందిగాంలో మా పిన్ని ఇంకో అడుగు ముందుకేసింది. నేను కంప్యూటర్లో గుండెలు తయారు చేసి ఆస్పత్రులకి పంపిస్తానని ఊరంతా చెప్పింది. ఓసారి పక్కింటాయన్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చి, "ఇతగాడికి ఓ మంచిది సూసి ఇయ్యే. మనోడే" అంది.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏయే కమిటీల్లో కూర్చున్నానో రాయను. ఆ కమిటీల్లో చాలావరకు నేను కళ్లు తెరుచుకుని నిద్రపోయాను. మేం చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. అందులో నా వాటా ఎంతో కూడా దాచకుండా రాస్తాను.

అసలు మా పని

మన చెవికి వినబడని శబ్దాన్ని ఛాతీలోకి పంపిస్తే అది గుండె గోడలకి తగిలి వెనక్కి వస్తుంది. వచ్చినదాన్ని యంత్రం తెర మీద కదిలే బొమ్మగా గీస్తుంది. దీన్నే ఎకో అంటారు. ఛాతీ మీద ఆనించే చేతి పరికరం పేరు ప్రోబ్. ఇంతవరకు ఆస్పత్రుల్లో అందరూ చూసేదే.

మేం ఇంకొంచెం ముందుకు వెళ్లేవాళ్లం. ఆ బొమ్మలో గుండె గది అంచుని గీసి కంప్యూటర్‌కి ఇస్తే, అది ఆ మనిషి గుండెకి నకలు కడుతుంది. దాన్ని మోడల్ అంటాం. ఆ నకలులో రక్తపోటు పెంచి చూడొచ్చు, తగ్గించి చూడొచ్చు. అసలు మనిషికి ఏమీ కాదు. ఏమీ కాదనే మేం చాలా కాలం అనుకున్నాం.

శిక్షణకి రెండు రకాల పిల్లలు వచ్చేవారు. బొమ్మ తీసేవాళ్లు ఒక రకం, లెక్క కట్టేవాళ్లు రెండో రకం. మొదటివాళ్లకి మనుషులతో మాట్లాడటం వచ్చు, సమీకరణం కనబడితే మంచినీళ్లు తాగొస్తామని బయటికి పోయేవారు. రెండోవాళ్లకి సమీకరణాలు వచ్చు, మనిషి కనబడితే మంచినీళ్లకి పోయేవారు. భోజనానికి కూడా వేరువేరు బల్లల దగ్గర కూర్చునేవారు. అందులో తప్పేమీ నాకు కనబడలేదు. ఎవరి పని వాళ్లు బాగా చేస్తే చాలు అనుకున్నాను. ఇది నా మొదటి తప్పు. దీని ఫలితం గున్నయ్య అనుభవించాడు.

జీడిపప్పు వాసనలో చదువు

మా సంస్థ ఉండేది విశాఖపట్నంలో. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లలోవాళ్ల గుండెలు ఎలా ఉన్నాయో చూసే పని మొదలయ్యాక, పలాసలో ఒక జీడిపప్పు బట్టీ పక్క మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. పిల్లలకి శిక్షణా అక్కడే, ఊళ్లకి బయల్దేరడమూ అక్కణ్ణుంచే.

కాల్చిన గింజల వాసన పొద్దున్నే మొదలయ్యేది. శిక్షణకి వచ్చిన ప్రతివాళ్లూ చదువులో ఎంత పెరిగారో చెప్పలేను గాని, నడుము దగ్గర మాత్రం పెరిగారు. పొట్టు ఎగిరొచ్చి అన్నిటి మీదా వాలేది. ఒకమ్మాయి తెర మీద తెల్లగా మెరుస్తున్న చుక్కని చూపించి, "ఇక్కడ కవాటం మీద సున్నం పేరుకుంది మేడం" అని చాలాసేపు వివరించింది. అందరూ రాసుకున్నారు కూడా. నేను లేచి కొంగుతో అద్దం తుడిచాను. సున్నం పోయింది.

మా డైరెక్టరు గారు విశాఖలోనే ఉండేవారు. మంచి మనిషే, కాకపోతే భయం ఎక్కువ. రోజూ ఫోన్ చేసి, "అంతా సవ్యంగానే ఉందా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే "ఉంది కదా, మంచిది" అని పెట్టేసేవారు.

సుమేధ

సుమేధ హైదరాబాదు నుంచి వచ్చింది. ఇంజనీరింగు చదివి, గుండె మోడల్స్ మీద పరిశోధన మొదలుపెట్టిన పిల్ల. లెక్కలో ఆమెకి సాటి వచ్చేవాళ్లు మా దగ్గర అంతకుముందు రాలేదు, ఆ తరవాతా రాలేదు. మేం గంటలకొద్దీ కట్టే నకలుని కొన్ని నిమిషాల్లో కట్టే ప్రోగ్రాం సొంతంగా రాసింది.

అయితే ఆమె అప్పటిదాకా గుండెని కాగితం మీదే చూసింది. మొదటిరోజు నా మీదే ప్రోబ్ పెట్టి చూడమన్నాను. పక్కటెముక తగిలిన ప్రతిసారీ "సారీ మేడం" అంది. మనిషికి పక్కటెముకలు చాలా ఉంటాయి. పావుగంట తరవాత ఇద్దరం విసిగిపోయాం.

"నేను లెక్క చూసుకుంటాను మేడం. బొమ్మ మీరు తీసి ఇవ్వండి చాలు" అంది.

సరేనన్నాను. నాకూ అదే హాయిగా అనిపించింది.

సేప ఎంతుందంటే సూపించమా?

సోంపేట దాటాక ఒడ్డున ఒక మత్స్యకారుల ఊరు. పేరు రాయను. రాస్తే అక్కడివాళ్లు నన్ను మళ్లీ రానివ్వరని కాదు, ఊరి పేరు సరిగ్గా రాయలేదని పక్కవీధివాళ్లు తగాదాకి వస్తారు. మా వ్యాను ఆ ఊళ్లో తుపాను షెల్టరు వరండా ముందు ఆగింది. పొద్దున్నే మొదటగా వచ్చినాయన భారీ మనిషి. తరవాత ఒకరి వెంట ఒకరు వచ్చారు. బొమ్మలు తీయడం నా పని, పక్కన లాప్‌టాప్‌లో నకలు కట్టడం సుమేధ పని.

మధ్యాహ్నానికి గున్నయ్య వంతు వచ్చింది. యాభై దాటిన మనిషి, బోటు నడిపించే పెద్ద, అంటే తండేలు, నల్లగా గట్టిగా ఉన్నాడు. బీపీకి మాత్రలు వాడుతున్నాడు. అతని బొమ్మలు తీసి సుమేధకి ఇస్తుండగా డైరెక్టరు గారి ఫోన్ వచ్చింది. సిగ్నల్ కోసం కొబ్బరితోట వైపు నడిచాను. ఆరోజు ఆయన "ఉంది కదా" దగ్గర ఆగలేదు. ఏదో ఫారంలో ఖాళీ గడి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు.

ఈలోగా వరండాలో జరిగింది నాకు తరవాత నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. కలిపితే ఇదీ.

గున్నయ్య చొక్కా తొడుక్కుంటూ, "ఏటి పాపా, నా గుండి ఎలగుంది?" అని అడిగాడు.

మా నియమం ప్రకారం ఫలితాలు తరవాత చెప్తారని అనాలి. సుమేధ లాప్‌టాప్ వైపు చూసింది, మొహం పాలిపోయింది. "అంకుల్, మీరు లేవకండి. కూర్చోండి. మీ గుండె చాలా పెద్దదైపోయింది" అంది.

"పెద్దదంటే?"

"చాలా పెద్దది."

"అలగంటే ఎలగ తెలుత్తాది? సేప ఎంతుందంటే సెయ్యి సాపి సూపించమా? అలగ సెప్పు."

సుమేధ ఆలోచించింది. ఆమెది ఖచ్చితమైన మనసు. "ఎద్దు గుండె ఉంటుంది కదండీ, దాదాపు అంత" అంది.

ఆమె అతన్ని భయపెట్టి ఆస్పత్రికి పంపిద్దామనుకుంది. వరసలో నిలబడ్డవాళ్లకి మాత్రం ఇంకోలా వినబడింది. ఎవడో ఈల వేశాడు. "గున్నయ్య మావది ఎద్దు గుండంటరా!" అని ఇంకొకడు అరిచాడు. నేను ఫోన్ పెట్టి వెనక్కి వచ్చేసరికి గున్నయ్యని నలుగురు భుజాలకెత్తుకుని ఇసక మీద ఊరేగిస్తున్నారు.

"ఏమైంది?" అని అడిగితే ఒక ముసలాయన, "మావోడు పాసైపోనాడమ్మా" అన్నాడు.

సంతోషించాను. కొబ్బరిబొండం ఇస్తే తాగాను.

తిరుగుప్రయాణంలో సుమేధ లెక్క చూపించింది. గున్నయ్య గుండె గది మామూలుకి అయిదింతలు ఉన్నట్టు చూపిస్తోంది. నేను తెర మీద కళ్లారా చూసిన గుండె అది. అలా లేదు. "కంప్యూటర్ ఎక్కడో తప్పు చేసింది. రేపు చూద్దాం" అన్నాను. మర్నాడు ఇంకో ఊరు, ఆ మర్నాడు ఏదో నివేదిక. ఆ రేపు మూడు వారాలైంది. ఇది నా రెండో తప్పు. నిజం చెప్పాలంటే మొదటిదానికన్నా పెద్దది. తప్పుందని తెలిసీ వాయిదా వేశాను కనుక.

నీలమ్మ వచ్చింది

మూడు వారాల తరవాత ఒకావిడ మా మేడమెట్లెక్కి వచ్చింది. చెప్పులు బయట విడిచి, నేరుగా వెళ్లి రోగుల మంచం మీద కూర్చుంది.

"గుండిలు పెట్టీది ఇక్కడేనా?"

"పెట్టడం కాదమ్మా, చూడటం" అన్నాను.

"మా మావకి పెట్టినారు గదా, ఎద్దు గుండి. అది తీసీండి."

గున్నయ్య భార్య నీలమ్మ. రెండు బస్సులు మారి వచ్చింది. మంచినీళ్లు ఇస్తే తాగి, గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టింది.

"సొక్కా యేసుకోడం మానీసినాడమ్మా. యేసుకుంటే గుండి ఎవులికి కనపడతాదంట? బోటింజను ఒక్కడే బుజాన పెట్టుకుని ఇసకలో తిప్పుతన్నాడు. అవసరమేటీ నేదు, ఊరికినే. మూడు కంచాలన్నం తింతన్నాడు. ఏటి మావా అంటే, నాక్కాదే, గుండికి సాలట్లేదంతన్నాడు. పక్కూరోల్లు జొరమొచ్చిన పిల్లల్ని ఎత్తుకొచ్చి ఇతగాడి సేత తల మీద సెయ్యి యేయించుకెల్తన్నారు."

గదిలో పిల్లలు నవ్వు ఆపుకోలేక ఒకరి వెనక ఒకరు దాక్కుంటున్నారు. నేనూ పెదవి కొరుక్కుంటున్నాను. నీలమ్మ అందర్నీ ఒకసారి చూసింది.

"నవ్వండమ్మా. నానూ నవ్వినాను మొదుట. బీపీ మాత్తర్లు పారీసినాడు. ఎద్దుకి మాత్తర్లేటే అంతన్నాడు. ఇతగాడి అమ్మ కిడ్నీలు పాడయ్యి పోనాది. తమ్ముడూ అలాగే పోనాడు. ఇద్దురికీ ముందు బీపీయే వచ్చింది. ఇంక నవ్వడానికేటుంది?"

గోడవారగా నిలబడ్డ సుమేధ లాప్‌టాప్ తెరిచి గున్నయ్య లెక్క వెతకడం మొదలుపెట్టింది.

తప్పు ఎక్కడుందంటే

నీలమ్మని బస్సెక్కించి వచ్చి, ఆ పూటే లెక్క ముందేసుకుని కూర్చున్నాం. మూడు వారాల పాటు వాయిదా వేసిన పని ముప్పావుగంటలో తేలింది.

ఎకో తెర పక్కన చిన్న గీతలు ఉంటాయి. ఛాతీలో ఎంత లోతు వరకు చూపించాలో మనం మార్చుకోవచ్చు. లోతు తగ్గిస్తే గుండె తెర నిండా పెద్దగా కనబడుతుంది. గీతల మధ్య దూరమూ దానితోపాటే మారుతుంది. ఆరోజు మొదట వచ్చిన భారీ మనిషికి ఇరవై నాలుగు సెంటీమీటర్ల లోతు పెట్టాను. గున్నయ్య దగ్గరకి వచ్చేసరికి పద్నాలుగుకి తగ్గించాను. బొమ్మ తీసే ఎవరి చెయ్యైనా ఆలోచన లేకుండా చేసే పని అది. సుమేధ మాత్రం మొదటి బొమ్మలో గీతలు కొలిచి, అదే కొలత అందరికీ వాడింది. అవి మారతాయని ఆమెకి తెలియదు. ఒక్కో వైపూ ఒకటిముప్పావు రెట్లు పెరిగితే మొత్తం పరిమాణం అయిదు రెట్లవుతుంది. ఆ మధ్యాహ్నం వచ్చినవాళ్లందరివీ ఎద్దు గుండెలే. గున్నయ్య ఒక్కడే అడిగాడు, అంతే.

"గీతలు మారతాయని ఆమాత్రం తెలియదా?" అని అరిచాను.

"మీరు చెప్పలేదు మేడం" అంది.

ఎదురు చెప్పడానికి కాదు, జరిగింది అదే. నేను చెప్పలేదు. నాకెంత అలవాటైపోయిందంటే, అది చెప్పాల్సిన విషయమని కూడా తట్టలేదు. బొమ్మ తీసేవాళ్లకి చెప్పక్కర్లేదు, లెక్క కట్టేవాళ్లకి నేనెప్పుడూ చెప్పలేదు. రెండు బల్లల మధ్య ఆ ఒక్క అంకె కింద పడిపోయింది.

సుమేధ ఏడ్చింది. "నేను వెళ్లిపోతాను మేడం. మనుషుల దగ్గర పని చెయ్యడానికి పనికిరాను" అంది. ఒక్క క్షణం పోనీ పొమ్మనాలనిపించింది. పోతే తప్పంతా ఆమెతోపాటే పోతుంది, నా దగ్గర ఏమీ మిగలదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"వెళ్దువుగాని. ముందు గున్నయ్యకి చెప్పి వెళ్దాం పద" అన్నాను.

డైరెక్టరు గారికి ఫోన్ చేశాను. "మనం రిపోర్టు ఇవ్వలేదు కదా? నోటిమాటే కదా? నోటిమాటకి సవరణ పత్రం ఉండదండీ. వ్యాను కూడా ఇవ్వలేను, ఏ పద్దు కింద రాయాలి?" అన్నారు.

"మీరు వద్దన్నట్టు రాసివ్వండి సార్" అన్నాను.

రాసివ్వడమనేసరికి ఆయన భయపడ్డారు. "నేను వద్దనలేదు. నాకు ఈ ఫోనే రాలేదు" అని పెట్టేశారు.

మర్నాడు చిన్న యంత్రాన్ని బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాం. సుమేధ దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. పక్కసీటు ఆయన, "హార్మోనియమా పాపా? ఏ ఊర్లో నాటకం?" అని అడిగాడు.

ఊరంతా ఎద్దులు

గున్నయ్య అదే వరండా మీద, చొక్కా లేకుండా, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి మొహం వెలిగిపోయింది.

"మల్లీ కొలవడానికొచ్చేరా? పెరిగిందేటో సూడండి."

జనం చేరారు. సుమేధ దారంతా వల్లె వేసుకున్న మాటలన్నీ మర్చిపోయి, "అంకుల్, నేను తప్పు చెప్పాను. మీది ఎద్దు గుండె కాదు" అంది.

గున్నయ్య జాలిగా చూశాడు. "ఎవులో ఈ గుంటని బెదిరించినారు. పాపా, నువ్వు నిజివే సెప్పినావు. భయపడకు. నానున్నాను."

నేను చెప్పి చూశాను, నన్నూ నమ్మలేదు. తెలివైన ఆలోచన సుమేధదే. ఊళ్లో అందరికన్నా సన్నటి మనిషి ఎవరని అడిగింది. పుల్లయ్య అనే ఆయన్ని ముందుకి తోశారు. పేరుకి తగ్గ మనిషి. లుంగీ రెండు చుట్లు ఎక్కువ తిరిగింది. అతన్ని పడుకోబెట్టి బొమ్మ తీసి, సుమేధ ఆరోజు చేసిన తప్పు లెక్కే మళ్లీ చేసి, లాప్‌టాప్‌ని అందరి వైపు తిప్పింది. పుల్లయ్యదీ ఎద్దు గుండే. జనం నోళ్లు తెరిచారు. పక్కనున్న ఇంకో ఇద్దరికి చేసింది. వాళ్లవీ ఎద్దు గుండెలే.

నీలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఊరూరంతా ఎద్దులేనేటి? మరి దున్నీదెవులు?" అంది.

నవ్వులు సద్దుమణిగాక సుమేధ గీతలు చూపించి, లోతు మార్చితే బొమ్మ ఎలా పెరుగుతుందో తరుగుతుందో చూపించింది. మా గదిలో పాఠం చెప్పినప్పుడు తడబడే పిల్ల, అక్కడ వలలు అల్లేవాళ్లకి చెప్పడంలో ఒక్కచోటా ఆగలేదు. వల కన్ను ఎంతుందో తెలియకుండా దాని పొడవు ఎవరూ లెక్క కట్టరు కాబట్టి వాళ్లకి వెంటనే తెలిసింది. తరవాత సరైన లెక్కతో గున్నయ్యదీ పుల్లయ్యదీ పక్కపక్కన పెట్టింది.

"మావా, మనిద్దరివీ ఒకటే సైజంట!" అని పుల్లయ్య ఎగిరి గంతేశాడు. అతని జీవితంలో అంత గొప్ప రోజు ఇంకొకటి ఉండి ఉండదు.

గున్నయ్య పక్కనున్న తువ్వాలు తీసి భుజాల మీద కప్పుకున్నాడు. మూడు వారాలు తన చుట్టూ తిరిగిన జనం ఇప్పుడు పుల్లయ్య చుట్టూ ఉన్నారు. ఇచ్చింది మేమే, లాక్కున్నదీ మేమే.

అప్పుడు సుమేధ తెర మీద వేలు పెట్టి, "మేడం, ఇక్కడ చూడండి" అని మెల్లగా అంది. గున్నయ్య గుండె గది మామూలుగానే ఉంది గాని, గోడ పుల్లయ్య గోడకన్నా బాగా మందంగా ఉంది. ఎద్దు గుండె గొడవలో మా ఎవరికీ పట్టని సంగతి అది. మొదటిరోజు నా కంటి ముందే ఉంది.

"ఏటది?" అన్నాడు గున్నయ్య.

"గోడ మందమైంది అంకుల్."

అతని కళ్లల్లో మళ్లీ వెలుగొచ్చింది. "మందమా? పుల్లిగాడిది పల్చగుందా? అదీ మాట! మందమంటే బలమే గదా?"

సుమేధ నా వైపు చూసింది. ఈసారి నేను ముందుకు వచ్చాను. "నీ చెయ్యి ఇలా ఇవ్వు" అన్నాను. ఏళ్ల తరబడి తాళ్లు లాగి లాగి అరచెయ్యంతా కాయలు కాసి ఉంది. "ఇంత మందంగా ఉంది కదా, పిడికిలి గట్టిగా మూసి చూపించు."

మూశాడు. వేళ్లు అరచేతిని తాకకుండానే ఆగిపోయాయి. ఇంకోసారి మూశాడు.

"మొన్నటిదాకా మూసీవోడినే" అన్నాడు.

"లోపల కూడా అంతే. బీపీకి ఎదురు నెట్టి నెట్టి గోడ కాయ కాసింది. ఇలాగే వదిలేస్తే అదీ నీ పిడికిలిలా బిగుసుకుపోతుంది."

అతను చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. కాసేపటికి తలెత్తకుండానే, "మాత్తరేదే?" అన్నాడు.

నీలమ్మ కొంగు ముడి విప్పింది. అతను పారేసినవి పారేసినట్టు ఏరి దాచింది. నేను వెంటనే అవి రాసిన డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన అక్కణ్ణుంచే నన్నూ గున్నయ్యనీ కలిపి తిట్టి, మాత్ర వేసుకుని మర్నాడు పొద్దున్నే తన దగ్గరికి రమ్మన్నాడు.

నీలమ్మ మమ్మల్ని భోజనం చెయ్యకుండా వదల్లేదు. వడ్డిస్తూ అంది: "రక్తం పట్టికెల్లినోల్లు శానామంది వొచ్చినారు. నీల్లు సీసాల్లో పట్టికెల్లినోల్లు వొచ్చినారు. ఎల్లినోల్లు మరి కనపడ్నేదు. తప్పయిపోనాదని సెప్పడానికి తిరిగొచ్చినోల్లు మీరే." సుమేధ కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆడవాళ్లందరూ చుట్టూ చేరి, "ఏడవకమ్మా, మరేటీ పర్వానేదు" అని వీపు నిమిరారు. పాపం, ఆ పిల్ల ఏడుస్తున్నది చేపల పులుసులో కారానికి. ఆ మాట చెప్పడానికి ఆమెకి నోరు తిరగలేదు.

తరవాత

సుమేధ వెళ్లిపోలేదు. పలాసలో బస్సు దిగేటప్పుడు, "మేడం, రేపట్నుంచి బొమ్మలు నేనే తీస్తాను. పక్కటెముకలకి సారీ చెప్పను" అంది.

అక్కణ్ణుంచి మా దగ్గర పద్ధతి మార్చాను. లెక్క కట్టేవాళ్లు మొదటి నెలంతా ప్రోబ్ పట్టుకోవాలి. బొమ్మ తీసేవాళ్లు ఆ నెలంతా లెక్క దగ్గర కూర్చోవాలి. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తినాలి. మొదట్లో రెండు రకాల పిల్లలూ నన్ను సమానంగా అసహ్యించుకున్నారు. ఎవరైనా "ఇది అందరికీ తెలిసిందే కదా మేడం" అంటే, ఆ తెలిసిందేదో కాగితం మీద రాయమనేదాన్ని. రాస్తున్నప్పుడే సగం మందికి అది తమకి తెలియదని తెలిసేది.

సుమేధ తన పరిశోధన పత్రంలో ఆ తప్పుని దాచకుండా రాసింది. డైరెక్టరు గారు ఆ పేరా తీసెయ్యమన్నారు. తియ్యలేదు. పత్రం అచ్చయ్యాక వేరే చోటినుంచి ఇద్దరు, తామూ అలాగే చేశామని, ఎవరికీ చెప్పలేదని ఆమెకి ఉత్తరాలు రాశారు. అవి చదివి డైరెక్టరు గారు ఆ పేరా తన సలహాయేనని ఒక సభలో చెప్పారు. నేను కళ్లు తెరుచుకునే ఉన్నాను గాని, నిద్రలో ఉన్నట్టు నటించాను.

గున్నయ్య బీపీ అదుపులోకి వచ్చింది. గోడ పూర్తిగా పల్చబడలేదు, పల్చబడదు కూడా. కిడ్నీలు మాత్రం నేను చూసినన్నాళ్లు బాగానే ఉన్నాయి. కొత్త పిల్లలు వచ్చినప్పుడల్లా నేర్చుకోవడానికి ఒక ఛాతీ కావాలి. తన ఛాతీ వాడుకోమని అతనే ముందుకొచ్చాడు. ఊళ్లో పోయిన గౌరవం మా గదిలో కొంత తిరిగి వచ్చినట్టు ఉండేది.

నా ఉద్యోగంలో ఆఖరి ఏడాది, ప్రణవ్ అనే కుర్రాడు వచ్చాడు. సుమేధ అంత కాకపోయినా, లెక్కలో పులే. గున్నయ్య మంచం మీద పడుకున్నాడు, నీలమ్మ పక్కన స్టూలు మీద కూర్చుంది. బొమ్మ స్పష్టంగా రావాలంటే కొన్ని క్షణాలు ఊపిరి ఆపమనాలి. ప్రణవ్ "ఊపిరి బిగపట్టండి" అన్నాడు. గున్నయ్య బిగపట్టాడు. తెర మీద బొమ్మ ఎంత బాగా వచ్చిందంటే, ప్రణవ్ దాన్ని చూస్తూ ఉండిపోయాడు. అంచులు గీశాడు. కొలిచాడు. లోతు రాసుకున్నాడు. అతను అలా రాసుకోవడం చూసి నేను మురిసిపోతున్నాను. "వదలండి" అనడం ఇద్దరం మర్చిపోయాం.

గున్నయ్య బుగ్గలు ఉబ్బాయి. కళ్లు పెద్దవయ్యాయి. చెప్పనిదే వదలకూడదని అంత పట్టుదల. నీలమ్మ లేచి ప్రణవ్ వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఓరి బాబూ, టీవీ తరవాత సూద్దువుగాని! మనిసిని సూడు ముందు!"

ప్రణవ్ అదిరిపడి, "వదలండి, వదలండి, వదిలెయ్యండి!" అని అరిచాడు. గున్నయ్య బుస్సుమని గాలి వదిలాడు. ఆయాసం తీరాక లేచి కూర్చుని, మా ఇద్దరి మొహాలూ చూసి, భార్య వైపు తిరిగాడు.

"ఎంతసేపు బిగపట్టేనే? పుల్లిగాడికి సెప్పాల."